డబ్బు పిల్లవాడి వెంట నడిస్తే బడి బాగుపడుతుందా? చిలీ అనుభవం గురించి ఒక ప్రశ్న

ప్రశ్న: విజయనగరం టీచరమ్మ

సభ్యులందరికీ నమస్కారం.

నేను విజయనగరం జిల్లాలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో పదిహేనేళ్లుగా పనిచేస్తున్నాను. ఇటీవల ఒక శిక్షణ కార్యక్రమంలో మాట్లాడిన వక్త విద్యా సంస్కరణల గురించి వివరిస్తూ, ప్రభుత్వం బడులకు నేరుగా నిధులు ఇవ్వడం మాని ఆ మొత్తాన్ని పిల్లవాడి పేరున కేటాయిస్తే తల్లిదండ్రులు తమకు నచ్చిన బడిని ఎంచుకుంటారని, పిల్లలు వెళ్లిపోతారనే భయంతో ప్రతి బడీ తనంతట తానే బాగుపడుతుందని, చిలీ దేశం 1981లోనే ఈ పని చేసి లాటిన్ అమెరికాలో చదువుకు సంబంధించి మొదటి స్థానానికి చేరిందని చెప్పారు.

ఆ మాటల్లో తర్కం ఉందని నాకూ అనిపించింది. అయితే నా బడి నా కళ్ల ముందు ఉంది. ఆరేళ్ల కిందట మా హాజరు పట్టీలో 46 మంది పిల్లలు ఉండేవారు, ఇప్పుడు 19 మంది ఉన్నారు. ఉదయం ఎనిమిది గంటలకు రెండు ప్రైవేటు బడుల వ్యాన్లు మా ఊరి రావిచెట్టు దగ్గర ఆగుతాయి. రోలు (పిల్లల సంఖ్య) తగ్గినందువల్ల, పిల్లల లెక్కను బట్టి పోస్టులను సర్దే రేషనలైజేషన్‌లో ఒక పోస్టు పోయి, ఐదు తరగతులకూ నేనొక్కదాన్నే మిగిలాను. పోటీ వల్ల బడి బాగుపడాలంటే, ముందు ఆ బడిని బాగుచేయగల మనుషులు అందులో మిగలాలి కదా అని ఆ రోజే అడగాలనుకున్నాను, కానీ సభలో లేచి అడగలేకపోయాను.

ఈ ఆలోచన ఎక్కడ పుట్టింది, చిలీలో నిజంగా ఏమి జరిగింది, అక్కడ జరిగినదానికీ మన తల్లికి వందనం, ఫీజు రీయింబర్స్‌మెంట్ వంటి పథకాలకూ ఏమైనా పోలిక ఉందా అన్నది తెలిసినవారు వివరించవలసిందిగా కోరుతున్నాను. ఏ పక్షం వాదన అయినా సరే, ఆధారంతో చెబితే నాకు మేలు చేసినవారవుతారు.

జవాబు 1: హనుమకొండ అర్థశాస్త్ర అధ్యాపకుడు

మేడమ్ గారూ, కొంచెం విపులంగా రాయవలసి వస్తోంది, ఓపికతో చదవగలరు.

ఈ ఆలోచనకు స్పష్టమైన రూపం ఇచ్చినవాడు షికాగో విశ్వవిద్యాలయపు ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్. విద్యలో ప్రభుత్వ పాత్ర ఏమిటన్న విషయంపై ఆయన 1955లో ఒక వ్యాసం రాశాడు. 1962లో వచ్చిన ఆయన పుస్తకంలో అది ఒక అధ్యాయంగా చేరింది. చదువుకు ప్రభుత్వం డబ్బు పెట్టడం వేరు, బడిని ప్రభుత్వమే నడపడం వేరు అన్నది ఆయన వాదనకు మూలం. ఒక పిల్లవాడు చదువుకుంటే ఆ మేలు వాడి ఇంటితో ఆగకుండా ఊరందరికీ అందుతుంది కాబట్టి కనీస చదువు ఖర్చును ప్రభుత్వం భరించవలసిందేనని ఆయన ఒప్పుకున్నాడు. అయితే ఆ డబ్బును ఏ బడికి చేర్చాలన్నది తల్లిదండ్రులు తేల్చుకోవాలన్నాడు. ఈ వాదనను తేలికగా కొట్టిపారేయకూడదని నా అభిప్రాయం, ఎందుకంటే పేద తల్లికి కూడా బడిని మార్చగల శక్తి ఉండాలన్న కోరిక అందులో ఉంది. (అదే 1955లో ఆయన మన కేంద్ర ప్రభుత్వ ఆహ్వానంపై భారతదేశానికి వచ్చి ఆర్థిక విధానంపై ఒక పత్రం కూడా సమర్పించాడు. అప్పటి మన ప్రణాళికలు ఆయన దారిలో నడవలేదు.)

చిలీకి ఈ ఆలోచనలు చేరిన మార్గం వేరు. 1950ల మధ్యలో అమెరికా ప్రభుత్వ సహాయంతో షికాగో విశ్వవిద్యాలయానికీ చిలీ రాజధాని శాంటియాగోలోని కాథలిక్ విశ్వవిద్యాలయానికీ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. దాని కింద చిలీ యువకులు ఎందరో షికాగో వెళ్లి అర్థశాస్త్రం చదివి తిరిగి వచ్చారు. 1973 సెప్టెంబరు 11న సైన్యం ఎన్నికైన అధ్యక్షుడు అలెండే ప్రభుత్వాన్ని కూలదోసి జనరల్ పినోచెట్ అధికారానికి వచ్చిన తరువాత, దేశ ఆర్థిక వ్యవహారాలు క్రమంగా ఈ బృందం చేతికి వెళ్లాయి. 'షికాగో బాయ్స్' అని లోకం పిలిచేది వీరినే. ఆర్థిక మంత్రిగా పనిచేసిన సెర్హియో దె కాస్త్రో, ప్రణాళికా కార్యాలయాన్ని నడిపిన మిగేల్ కాస్త్ వీరిలో ముఖ్యులు. ఫ్రీడ్‌మన్ 1975లో కొద్దిరోజులు చిలీ వెళ్లిన మాట నిజమే గాని, బడుల సంస్కరణను అమలులో పెట్టినవారు ఆయన శిష్యవర్గం. అప్పటికి పార్లమెంటు మూతబడి ఉంది, రాజకీయ పక్షాలపై నిషేధం ఉంది, పాత ఉపాధ్యాయ సంఘాన్ని రద్దు చేశారు. ఇంత పెద్ద మార్పును అంత వేగంగా తేవడం చర్చకు చోటున్న దేశంలో సాధ్యమయ్యేది కాదని నేను అనుకుంటున్నాను.

1979లో పినోచెట్ విద్యపై జారీచేసిన ఆదేశాల్లో, ప్రాథమిక విద్య రాజ్యం బాధ్యత అనీ, ఉన్నత పాఠశాల చదువు, అంతకన్నా ఎక్కువగా విశ్వవిద్యాలయ చదువు, అందరికీ దక్కేది కాదనీ, దాన్ని పొందేవారు అందుకు అర్హత సంపాదించి, వీలైన చోట ఖర్చు చెల్లించాలనీ ఉంది. ఆ పైన 1981లో అసలు మార్పు వచ్చింది. అంతవరకు విద్యాశాఖ నడిపిన బడులను పురపాలక సంఘాలకు అప్పగించడం మొదలుపెట్టారు. ఉపాధ్యాయులు ప్రభుత్వోద్యోగుల హోదా కోల్పోయి ప్రైవేటు కార్మిక చట్టం కిందికి వెళ్లారు. ప్రతి బడికీ, అది పురపాలక బడి అయినా ప్రైవేటు బడి అయినా, నెలలో సగటున ఎంతమంది పిల్లలు హాజరయ్యారో లెక్కగట్టి, తలకింత అని ఒకే రేటున డబ్బు ఇవ్వసాగారు. మన ఎయిడెడ్ బడుల పద్ధతిని దీనితో పోల్చుకుంటే తేడా తెలుస్తుంది: మన దగ్గర మంజూరైన పోస్టుకు జీతం వచ్చేది, అక్కడ హాజరైన పిల్లవాడికి డబ్బు వస్తుంది. ఆ డబ్బులో ఖర్చు పోను మిగిలినది యజమాని లాభంగా తీసుకోవడానికి చట్టం అడ్డు చెప్పలేదు.

తరువాతి ఏడాదే, 1982లో, చిలీని తీవ్రమైన ఆర్థిక సంక్షోభం ముంచింది. ధరలతో పాటు పెరగవలసిన ఆ తలసరి గ్రాంటును పెరగనివ్వలేదు. దాంతో దాని నిజమైన విలువ ఆ దశాబ్దమంతా కుంగిపోయింది, ఉపాధ్యాయుల జీతాలు కూడా కుంగిపోయాయి. పోటీ సిద్ధాంతం గురించి ఎంత చెప్పుకున్నా, ఆ ఏళ్లలో చిలీ బడుల్లో ముందుగా కనిపించినది పొదుపు. ఇలా పిల్లవాడి వెంట డబ్బు నడిచే పద్ధతినే వోచరు పద్ధతి అంటారు, అందులో ఉన్న ప్రమాదం ఇక్కడే ఉందని నేను నమ్ముతున్నాను: బడి భవనం కూలితే ఊరంతా చూస్తుంది, కానీ తలసరి గ్రాంటు విలువ ఏడాదికి కొంత చొప్పున తరిగిపోతే ఎవరి కంటా పడదు.

1981లో ఈ గ్రాంటు తీసుకునే ప్రైవేటు బడుల్లో చదివేవారు మొత్తం పిల్లల్లో సుమారు 15 శాతం. 2010 నాటికి అది సగం దాటింది. పురపాలక బడుల వాటా సుమారు 78 శాతం నుంచి 40 శాతానికి దిగిపోయింది. ఎవరు వెళ్లారు, ఎవరు మిగిలారు అన్నదే అసలు ప్రశ్న. చాంగ్-తై షే, మిగేల్ ఉర్కియోలా అనే ఇద్దరు ఆర్థికవేత్తలు సుమారు 150 పురపాలక ప్రాంతాల లెక్కలను పరిశీలించి 2006లో తమ ఫలితాలను ప్రచురించారు. ప్రైవేటు బడులు ఎక్కువగా పెరిగిన ప్రాంతాల్లో సగటు మార్కులు మిగతా ప్రాంతాల కన్నా ఎక్కువగా పెరిగినట్టు వారికి ఆధారం కనిపించలేదు. కొంత కలిగిన ఇళ్ల పిల్లలు, బాగా చదివే పిల్లలు పురపాలక బడులను వదిలి వెళ్లిపోయారని మాత్రం స్పష్టంగా కనిపించింది. 1988లో మొదలైన జాతీయ పరీక్షలో బడులవారీ ఫలితాలను 1995 నుంచి ప్రకటించసాగారు. ప్రైవేటు బడుల మార్కులు పైకి ఎక్కువగానే కనిపించేవి గాని, తల్లిదండ్రుల చదువు, ఆదాయం లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా చాలావరకు కరిగిపోయేది.

మీ వక్త చెప్పిన మొదటి స్థానం మాటా అబద్ధం కాదు. పదిహేనేళ్ల విద్యార్థులకు వివిధ దేశాల్లో జరిపే పీసా అనే అంతర్జాతీయ పరీక్షలో, చదివి అర్థం చేసుకునే సామర్థ్యంలో చిలీ సగటు 2000లో 410 ఉండగా 2009లో 449కి పెరిగింది, లాటిన్ అమెరికాలో అది ముందు వరుసలో నిలిచింది. అయితే ఆ పెరుగుదలను 1981 సంస్కరణ ఖాతాలో వేయడం సరికాదు. 1990లో ప్రజాస్వామ్యం తిరిగి వచ్చాక ప్రభుత్వం విద్యపై ఖర్చు బాగా పెంచింది, అన్నిటికన్నా వెనుకబడిన సుమారు 900 బడులను ఎంచుకొని ప్రత్యేక సహాయం మొదలుపెట్టింది, ఉపాధ్యాయుల రక్షణకు 1991లో చట్టం చేసింది, ఆ పైన బడి వేళలు పొడిగించింది. మార్కెట్ చట్రం అలాగే ఉండగా దానిలోకి ప్రభుత్వం మళ్లీ అడుగుపెట్టిన కాలం అది.

ఆ చట్రాన్ని కదపడం ఎందుకు కష్టమైందో ఒక తేదీ చెబుతుంది. పినోచెట్ పదవి దిగడానికి ఒక్క రోజు ముందు, 1990 మార్చి 10న, విద్యపై ఒక రాజ్యాంగ సంబంధ చట్టం వెలువడింది. మామూలు మెజారిటీతో దాన్ని మార్చడం సాధ్యం కాదు. అంతే కాదు, 1993లో ప్రజాస్వామ్య ప్రభుత్వమే, నిధుల కొరత వల్ల, గ్రాంటు తీసుకునే బడులు తల్లిదండ్రుల నుంచి అదనపు ఫీజు కూడా వసూలు చేయడానికి వెసులుబాటు ఇచ్చింది. ఆ తరువాత పిండి కొద్దీ రొట్టె అన్నట్టు ఇంటి ఆదాయం కొద్దీ బడి అనే పద్ధతి స్థిరపడింది. నెలకు ఇంత కట్టగలిగినవారు ఒక బడిలో, అంతకన్నా కొంచెం ఎక్కువ కట్టగలిగినవారు మరొక బడిలో చేరారు.

జవాబు 2: శాంటియాగోలో తెలుగువాడు

నమస్కారం టీచరు గారూ. నేను సాఫ్ట్‌వేరు ఉద్యోగం మీద 2012లో శాంటియాగో వచ్చాను. అధ్యాపకులు చరిత్ర చెప్పారు, నేను తండ్రిగా చూసినది చెబుతాను.

2013 చివర్లో మా పాప ప్రవేశం కోసం గ్రాంటు తీసుకునే ఒక ప్రైవేటు బడికి వెళ్లాం. చిన్న తరగతులకు మార్కులను బట్టి గాని ఇంటి ఆదాయాన్ని బట్టి గాని పిల్లలను వడకట్టకూడదని అప్పటికే 2009 నాటి చట్టం చెబుతోంది. అయినా ఆ బడివారు మా ఇద్దరి జీతం రసీదులు, వివాహ ధ్రువపత్రం అడిగారు, తల్లిదండ్రులతో ముఖాముఖి పెట్టారు, ఐదేళ్ల పాపతో బొమ్మలు గీయించి పక్కన కూర్చున్న ఆమె ఏదో రాసుకుంది. మాకు ప్రవేశం దొరికింది. మా అపార్టుమెంటులో పనిచేసే ఆమె కొడుకుకు దొరకలేదు, ఆమె పెళ్లి కాకుండా తల్లి అయిన మనిషి. తల్లిదండ్రులు బడిని ఎంచుకుంటారని సిద్ధాంతం చెబుతుంది. నేను చూసినంతలో బడి తల్లిదండ్రులను ఎంచుకుంది. ఆ రోజు ఆ పత్రాలు తీసి ఇచ్చినందుకు నాకు ఈనాటికీ మనసులో బాధగానే ఉంటుంది.

నా సహోద్యోగుల్లో చాలామంది 2006, 2011 ఉద్యమాల తరం వారు. 2006లో హైస్కూలు పిల్లలు లక్షల సంఖ్యలో తరగతులు మానేసి వీధుల్లోకి వచ్చారు, వారి నలుపు తెలుపు యూనిఫాం చూసి దానికి పెంగ్విన్ల ఉద్యమమని పేరు వచ్చింది. బస్సు పాసుతో, ప్రవేశ పరీక్ష రుసుముతో మొదలైన ఆ పోరాటం కొద్ది వారాల్లోనే 1990 మార్చి చట్టాన్ని రద్దు చేయాలనే దాకా వెళ్లింది, ఆ చట్టం స్థానంలో 2009లో కొత్తది వచ్చింది. 2011లో విశ్వవిద్యాలయ విద్యార్థులు నెలల తరబడి నిలిచారు. 1981 చట్టం విశ్వవిద్యాలయాలు లాభం తీసుకోకూడదని చెప్పినా, కొందరు యజమానులు వేరే కంపెనీ పేరున భవనాలు కట్టి ఆ విశ్వవిద్యాలయానికే అద్దెకిచ్చి లాభం రాబట్టుకునేవారు. 2005లో వచ్చిన ప్రభుత్వ హామీ రుణాలతో చదివిన ఒక స్నేహితురాలు, పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా ఆ బాకీ కడుతూనే ఉంది. ఉద్యమం తరువాత 2012లో ఆ రుణాల వడ్డీని 2 శాతానికి తగ్గించారు. అప్పటి అధ్యక్షుడు సెబాస్టియన్ పిన్యెరా చదువు ఒక వినియోగ వస్తువు కూడా అని 2011 జూలైలో అన్న మాట ఇక్కడ ఇప్పటికీ గుర్తుచేసుకుంటారు. ఆ ఉద్యమ నాయకుల్లో ఒకరైన గాబ్రియేల్ బోరిచ్ 2022 మార్చిలో దేశాధ్యక్షుడయ్యాడు.

2015లో వచ్చిన చట్టం మూడు పనులు చేసింది. గ్రాంటు తీసుకునే బడి లాభం తీసుకోకూడదు, అదనపు ఫీజును దశలవారీగా వదులుకోవాలి, పిల్లలను వడకట్టకూడదు. ప్రవేశాలన్నీ ఒక ఉమ్మడి వెబ్‌సైటు ద్వారా జరుగుతాయి. తల్లిదండ్రులు తమ ఇష్టాల వరుస రాస్తారు, సీట్ల కన్నా దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తారు. దక్షిణ కొసనున్న మగయానెస్ ప్రాంతంలో 2016లో మొదలై 2019కి శాంటియాగోకు వచ్చింది. ఆ ఏడాది మా పాప ఏడో తరగతికి మేమూ దరఖాస్తు పెట్టాం, మూడో ఇష్టం దొరికింది. మా ఆవిడ చాలా కోపగించుకుంది. 1813లో స్థాపించిన ఇన్‌స్టిట్యూటో నాసియొనాల్ వంటి ప్రభుత్వ బడులు, ప్రవేశ పరీక్ష పెట్టి బాగా చదివే పేద, మధ్యతరగతి పిల్లలను ఏరుకొని దేశాధ్యక్షుల దాకా తయారుచేసినవి, వాటికీ ఈ లాటరీ వర్తించడంతో పూర్వ విద్యార్థులు ఎంతో వ్యతిరేకించారు. వారి బాధ నాకు అర్థమవుతుంది. అయినా మా పాప తరగతిలో ఈసారి మేస్త్రీ కూతురూ, నర్సు కొడుకూ, బ్యాంకు ఉద్యోగి పిల్లలూ కలిసి కూర్చున్నారు, 2014లో చేరిన బడిలో అది కనబడలేదు.

జవాబు 3: ఖమ్మం చిన్న బడి నిర్వాహకుడు

అందరి అభిప్రాయాలూ గౌరవంతో చదివాను. నేను ఇరవై రెండేళ్లుగా ఒక చిన్న ప్రైవేటు బడి నడుపుతున్నాను. మా దగ్గర చదివేది ఆటో డ్రైవర్ల, కూరగాయలు అమ్మేవారి, వ్యవసాయ కూలీల పిల్లలు. వారు మా దగ్గరకు రావడాన్ని ఒక మోజుగానో మోసపోవడంగానో వర్ణించడం చూస్తే నాకు కష్టం కలుగుతుంది. రోజుకు కూలి పోగొట్టుకొని వచ్చి, బడి గుమ్మంలో నిలబడి, టీచరు వచ్చిందా లేదా అని అడిగే తల్లికి తన బిడ్డ మేలు తెలియదని అనుకోవడం న్యాయం కాదు.

చిలీ గురించి చెప్పుకుంటున్నాం గాని, ఈ ప్రయోగం మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగింది. 2008 నుంచి నాలుగేళ్ల పాటు 180 గ్రామాల్లో, ప్రభుత్వ బడి పిల్లలకు లాటరీ ద్వారా ప్రైవేటు బడి వోచర్లు ఇచ్చి, ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఫలితాలను కొలిచారు, 2015లో ప్రచురించారు. వోచరు పొందిన పిల్లలకు తెలుగులో, లెక్కల్లో, వోచరు రాని పిల్లలకన్నా మార్కులు ఎక్కువ రాలేదు, తక్కువా రాలేదు. హిందీలో మాత్రం బాగా ఎక్కువ వచ్చాయి. కానీ ప్రైవేటు బడికి ఒక పిల్లవాడి మీద అయ్యే ఖర్చు ప్రభుత్వ బడిలో అయ్యేదానిలో మూడో వంతు కన్నా తక్కువ. తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయం కేటాయించి కూడా అదే ఫలితం తెచ్చి, మిగిలిన సమయంలో ఇతర విషయాలు నేర్పగలిగాయి. ఊళ్లో మిగిలిపోయిన పిల్లలకు నష్టం జరిగినట్టు కూడా అందులో కనబడలేదు. దీన్ని ఎవరూ ఎందుకు ప్రస్తావించరు?

జవాబు 4: హనుమకొండ అర్థశాస్త్ర అధ్యాపకుడు

మీరు ప్రస్తావించినందుకు కృతజ్ఞతలు, అది నేనే చెప్పవలసింది. ఆ అధ్యయనం చాలా జాగ్రత్తగా జరిగినది, దాని ఫలితాలను నేను పూర్తిగా అంగీకరిస్తున్నాను. తల్లుల వివేకం గురించి మీరన్న మాటతో కూడా ఏకీభవిస్తున్నాను.

అయితే రెండు విషయాలు గమనించవలసిందిగా మనవి. ఆ ప్రయోగంలో ఏ పిల్లవాడిని తీసుకోవాలన్నది బడి చేతిలో లేదు, లాటరీలో పేరు వచ్చినవారిని చేర్చుకోవాలి. చిలీ 2015 దాకా చేయలేకపోయిన పని అది. రెండోది, ఊరికి కొద్దిమంది పిల్లలు బడి మారితే మిగిలినవారి తరగతి గది స్వరూపం పెద్దగా మారదు. ముప్పై ఏళ్ల పాటు దేశమంతటా కదలిక సాగితే మారుతుంది. ఇక ఖర్చు తేడాలో ప్రధాన భాగం జీతాలది. ఆ బడుల్లో ఉపాధ్యాయుల జీతం ప్రభుత్వ ఉపాధ్యాయుల జీతంలో ఆరో వంతు కన్నా తక్కువ. ఊరి దగ్గరే ఉద్యోగం కావలసిన చదువుకున్న యువతులు అంత తక్కువకు దొరుకుతున్నారు కాబట్టి అది సాగుతోంది. రాష్ట్రంలో అన్ని బడులూ అలాగే నడపాలనుకుంటే అంతమంది ఆ జీతానికి దొరుకుతారా అన్నది మీకే బాగా తెలుసు.

చిలీ విషయంలో ఇంకొక మాట చేర్చాలి. 2008లో వారు అందరికీ ఒకే రేటు అనే సూత్రాన్ని వదిలి, పేద పిల్లవాడికి ఎక్కువ గ్రాంటు ఇచ్చే చట్టం తెచ్చారు; ఆ అదనపు డబ్బు తీసుకునే బడి ఆ పిల్లవాడి దగ్గర ఫీజు తీసుకోకూడదు, బడి మెరుగుదలకు ప్రణాళిక రాసి ఒప్పుకోవాలి. ఆ తరువాత పేద పిల్లల మార్కులు పెరిగి అంతరం తగ్గిందని కొందరు పరిశోధకులు చూపారు. ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం పేద తల్లిదండ్రుల సొంత చదువు, ఆదాయం మెరుగుపడినందువల్ల వచ్చిందని మరికొందరు వాదించారు. చర్చ ఇంకా తెగలేదు. నాకు మాత్రం, వెనుకబడిన పిల్లవాడిని చేర్చుకోవడం బడికి భారం కాకుండా చూసిన ఆ మార్పు, నలభై ఏళ్లలో అక్కడ జరిగిన మంచి పనుల్లో ఒకటి అనిపిస్తుంది.

జవాబు 5: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, అనకాపల్లి

అమ్మా, మీ మూడో ప్రశ్నకు ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు గనుక నేను ప్రయత్నిస్తాను.

తల్లికి వందనం గాని, అంతకు ముందు 2020 జనవరిలో మొదలైన అమ్మఒడి గాని, కచ్చితంగా వోచరు అనడానికి లేదు. అది తల్లి ఖాతాలో పడే డబ్బు, బడికి కట్టి తీరాలన్న నిబంధన లేదు, ప్రభుత్వ బడికి వచ్చే నిధులకూ దానికీ ముడి లేదు. అయితే ప్రభుత్వ బడిలో చదివినా ప్రైవేటు బడిలో చదివినా వస్తుంది కాబట్టి, వ్యాను ఫీజుకు కొంత వెసులుబాటు కలిగించి ఊళ్లోని మొగ్గును ఒక పక్కకు నెడుతుంది. ఇంజనీరింగు కళాశాలల ఫీజు రీయింబర్స్‌మెంట్ వోచరుకు మరింత దగ్గర, అక్కడ డబ్బు నిజంగానే విద్యార్థి వెంట నడిచింది. ఉమ్మడి రాష్ట్రంలో ఆ పథకం వచ్చిన తరువాత ఎన్ని కళాశాలలు పుట్టాయో, వాటిలో ఎన్ని తరువాత మూతపడ్డాయో మనమంతా చూశాం. అన్నిటికన్నా దగ్గరిది, ప్రైవేటు బడులు 25 శాతం సీట్లు పేద, వెనుకబడిన ఇళ్ల పిల్లలకు ఇవ్వాలన్న 2009 విద్యాహక్కు చట్టం నిబంధన. అయితే ఆ చట్టం రాసినవారు ఒక జాగ్రత్త తీసుకున్నారు: ప్రవేశానికి పరీక్ష గాని ముఖాముఖి గాని పెట్టి వడకట్టరాదని, క్యాపిటేషన్ ఫీజు తీసుకోరాదని అందులోనే రాశారు. చిలీకి ఆ మాట చట్టంలో రాయడానికి ఇరవై ఎనిమిదేళ్లు, అమలు చేయడానికి ఇంకా ఎక్కువ పట్టిందని పైవారు చెప్పారు.

నా ఆందోళన పోస్టుల లెక్క గురించి. మన దగ్గర చిలీ పద్ధతి రాలేదని అనుకుంటాం గాని, రోలు తగ్గితే పోస్టు కదిలే రేషనలైజేషన్ వల్ల డబ్బు కొంతవరకు పిల్లవాడి వెంటే నడుస్తోంది. ఇరవై మంది వెళ్లిపోతే ఒక పోస్టు వెళ్లిపోతుంది, ఒక పోస్టు పోయాక ఇంకో పదిమంది వెళ్లిపోతారు. నేను నా సర్వీసులో మూడు బడులు ఇలా ఒంటి ఉపాధ్యాయ బడులు కావడం చూశాను. పిల్లలు తక్కువగా ఉన్నా ఇద్దరు ఉపాధ్యాయులు తప్పక ఉండాలనే కనీస హామీని అమలు చేయకుండా పోటీ గురించి మాట్లాడడం, కాళ్లు కట్టి పరుగు పందెం పెట్టడమే అవుతుంది.

జవాబు 6: శాంటియాగోలో తెలుగువాడు

మాస్టారు చెప్పిన కనీస హామీ మాట ఇక్కడా ఎదురవుతోంది. 2017లో వచ్చిన చట్టంతో పురపాలక బడులను తీసి కొత్త స్థానిక ప్రభుత్వ విద్యా సేవల సంస్థలకు అప్పగిస్తున్నారు. ధనిక పురపాలక సంఘం తన సొంత ఆదాయంతో బడిని నిలబెట్టుకోవడం, పేద పురపాలక సంఘం బడి పైకప్పు కారుతూ ఉండడం ఇక ఆగాలన్నది ఉద్దేశం. ఉద్దేశం మంచిదే అయినా ఫలితం అన్నిచోట్లా బాగాలేదు. ఉత్తరాన అటకామా ప్రాంతంలో 2023లో భవనాల దుస్థితి వల్ల ఉపాధ్యాయులు రెండు నెలలకు పైగా సమ్మె చేశారు, అంతకాలం పిల్లలు బడికి దూరమయ్యారు. ప్రభుత్వం చేతికి తిరిగి వస్తే చాలునని నేను అనుకునేవాణ్ని, ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ముప్పై ఐదేళ్లలో పురపాలక సంఘాలు కూడా బడి నిర్వహణ తెలిసిన మనుషులను పోగొట్టుకున్నాయి. వారిని మళ్లీ తయారుచేయడానికి కాలం పడుతుంది.

ప్రశ్న అడిగినవారి స్పందన: విజయనగరం టీచరమ్మ

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఖమ్మం సోదరులు చెప్పిన మాట కూడా నేను మనసులో పెట్టుకున్నాను. వ్యాను ఎక్కించే తల్లులు నాకు శత్రువులు కారు, వాళ్లలో ఇద్దరికి నేనే అక్షరాలు దిద్దించాను.

'ఎవరు వెళ్లారు, ఎవరు మిగిలారు' అని అధ్యాపకులు రాసింది చదివాక నిన్న సాయంత్రం మా అడ్మిషన్ రిజిస్టరు ముందు వేసుకొని కూర్చున్నాను. ఆరేళ్లలో టి.సి. తీసుకొని వెళ్లినవారిలో మా ఊరి పిల్లలు 31 మంది. వారిలో 24 మంది ఇళ్లలో తల్లి గాని తండ్రి గాని పదో తరగతి దాకా చదివినవారు. ఇప్పుడు నా దగ్గర ఉన్న 19 మందిలో అటువంటి ఇళ్లు మూడు. ఒక పిల్లవాడికి వినికిడి సమస్య ఉంది. వాడిని పట్టణంలో ఒక బడికి తీసుకువెళితే, మా దగ్గర కుదరదని చెప్పి పంపేశారని వాళ్ల అమ్మ నాతో చెప్పింది. ఆ 31 మంది లెక్కనూ, ఈ 19 మంది లెక్కనూ ఒకే కాగితం మీద రాసి, వచ్చే నెల చుట్టుపక్కల బడులన్నీ కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో రెండో పోస్టు కోసం పెట్టే వినతిపత్రానికి జతచేస్తున్నాను. మాస్టారూ, ఆ వినతిపత్రం ఎలా రాయాలో మీకు వ్యక్తిగత సందేశం పంపాను, వీలు చూసుకొని సరిదిద్దగలరు.